అడుసు పలక

యోజా అఖాతం. అక్టోబరు ఆఖరు.
పాటు మొదలై చాలాసేపయింది.
సముద్రం ఎటు పోయిందో తెలీదు,
చెప్పులు మాత్రం ఇక్కడే విడిచినట్టు
పక్కకి ఒరిగిన రెండు పడవలు.

బస్సు దిగి రెల్లులోంచి చెక్కవంతెన మీద నడిచాను.
రెల్లు నాకంటే ఎత్తు.
గాలి ఏదో నచ్చజెబుతోంది,
అది తలూపుతోంది గానీ ఒప్పుకోవడం లేదు.

వంతెన ఆగిన చోట అడుసు.
అప్పుడే అలికి, ఆరేదాకా ఎవరూ తొక్కకండని
చెప్పి వెళ్ళిన నేలలా, కనుచూపు మేరా.
గట్టు పొడుగునా ఉప్పుకూర ఎర్రబడింది,
కారం కలిపి ఎవరో తినకుండా లేచిపోయిన కంచం.

కన్నాల్లోంచి ఎండ్రకాయలు.
ఒక చెయ్యి సొంతం, రెండోది అరువు తెచ్చినంత పెద్దది.
ఆ పెద్దదాన్ని ఎత్తి ఎత్తి రమ్మంటాయి,
దగ్గరికెళితే లోపలికిపోయి తలుపేసుకుంటాయి.
ఇలాంటి చుట్టాలు నాకూ ఉన్నారు.

వాటి మధ్య ఒక చేప.
నీళ్ళల్లో కాదు, నేల మీద.
నెత్తిన కళ్ళు పెట్టుకుని
మోచేతుల మీద పాకుతూ పాకుతూ
వీపున తెరచాప విప్పి ఒక్క గెంతు.
నీలం చుక్కలు.
మళ్ళీ బురద.

ఇంకా దగ్గర్నించి చూడాలనిపించింది.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని
అమ్మమ్మ వెయ్యిసార్లు అనివుంటుంది.
మూడో అడుగుకి మోకాలిదాకా.
నాలుగోది లేదు.

లాగుతున్నకొద్దీ లోపల ఎవరో
మర్యాదగా, గట్టిగా
ఇంకాసేపు కూర్చోమన్నట్టు పట్టుకున్నారు.

అప్పుడొచ్చింది ఓక్దాన్ అవ్వ.
పూలగుడ్డ చుట్టుకున్న మొహం, డెబ్బైతొమ్మిదేళ్ళు,
పొడుగాటి పలక మీద ఒక మోకాలు మడిచి
రెండో కాలితో బురదని వెనక్కి తోస్తూ,
గుల్లల బుట్ట ముందు కదలకుండా.
పడవా కాదు, బండీ కాదు.
నాకొచ్చిన నలభై కొరియా మాటల్లో
అదృష్టం కొద్దీ ఆ మాట ఉంది:
"పడుకో."

పడుకున్నాను. చొక్కాతో, కళ్ళజోడుతో.
నిలబడితే మింగేది
పడుకుంటే మోసింది.

నన్ను పలక మీద బస్తాలా వేసుకుని
గట్టుకి తోస్తూ ఆమె ఊపిరి తీయడం విన్నాను.
మధ్యలో ఆగి ఆ చేపని చూపించింది.
చలి ముదిరితే కన్నంలో దూరి
వసంతందాకా లేవదట.
తలకింద చేతులు పెట్టి గురక నటించింది,
తన మొగుడూ అంతేనని సైగ చేసింది.
ఉన్నాడో లేడో అడగలేదు.

గట్టుమీద బస్తాకి కట్టే చీటీ మీద
నీలం పెన్నుతో తన పేరు రాసుకుంది,
ఒక్కో అక్షరం ఒక్కో గుల్ల ఏరినంత సేపు.
బడికి ఎప్పుడెళ్ళావంటే
రెండు చేతులూ చాచి, వేళ్ళన్నీ మడిచి,
ఇంకా ఇంకా మడిచి, డెబ్బై దగ్గర ఆపింది.

నేను నేర్చుకున్నదీ పలక మీదే.
మా భాషలో దీనికీ దానికీ ఒకటే మాట అని
ఆమెకి చెప్పడానికి
నలభై మాటలు చాలలేదు.

నెత్తిమీద అరుపు.
బెగ్గురు పక్షులు, బూడిద ఒళ్ళు, తెల్లటి మెడలు,
ఉత్తరాన ఎక్కడో మంచు మొదలైందన్న కబురు మోసుకుని
కోసిన వరిమళ్ళలోకి దిగుతున్నాయి.
ఆ మళ్ళలో కరెంటు స్తంభాలు లేవు.
రెక్కలకి తీగలు తగలకూడదని పీకేశారట.
చీకటి పడితే అక్కడ చీకటే.

ఆమె వెళ్ళిపోయింది. ఇంకా బుట్ట నిండలేదు.
వెనకాల బురద మీద ఒకటే పొడుగాటి గీత,
పక్కన కాలిగుర్తుల చుక్కలు.
ఏం రాసిందో చదివేలోగా
దూరంగా నీటి అంచు మెరిసింది.

పోటు వస్తోంది.
చెప్పుల కోసం కాబోలు.
వెతుక్కునేటప్పుడు
నాదీ ఒకటి దొరుకుతుంది దానికి,
ఎడమకాలిది, తొమ్మిదో నంబరు.